తొందరేం లేదు, ఆగి ఆగి రా

జనవరి 8

అక్కకు,

తమ్ముడు రాస్తున్నాను. బాగానే ఉన్నాను.

బస్సు పని పూర్తయింది. రేపు పొద్దున్నే బయలుదేరతాను. ఇది నేను ఉద్యోగంలో చివరి ఆరేళ్ళు నడిపిన బస్సే. తుక్కు కింద వేలం వేస్తుంటే తెచ్చుకున్నానని పోయిన ఏడాది రాశాను కదా. సీట్లు పీకేశాం. ఒక మంచం, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము పెట్టాం. గాలాలు పైన సామాన్లు పెట్టే చోట కట్టాను. బస్సు వెనకాల చిన్న టాయిలెట్ కూడా పెడదామన్నాడు మెకానిక్కు. బస్సులో అదేంటని సిగ్గేసి వద్దన్నాను. తర్వాత నువ్వు గుర్తొచ్చి పెట్టించాను.

రెండు సీట్లు ఉంచాను. డ్రైవరు సీటు నాది. దాని వెనక కిటికీ పక్కది నీది.

సముద్రం పక్క రోడ్డే పట్టుకుని వస్తాను. చేపలు పడేచోటల్లా ఆగుతాను. మీ ఊళ్ళో నిన్ను ఎక్కించుకుని, రోడ్డు అయిపోయే దాకా వెళ్దాం. ఈ రోడ్డు ఎక్కడ ఆగుతుందో చూడాలిరా అని చిన్నప్పుడు నువ్వే అనేదానివి.

ఒకటి అడగాలి. మీ మరదలు పోయి ఇరవై రెండేళ్ళు. ఆ తర్వాత మనవాళ్ళెవరూ నేను నడిపే బండి ఎక్కలేదు. నేనూ ఎక్కమనలేదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం రోజూ ఎక్కారు. నువ్వు ఎక్కుతావా?

ఫోను నాకు పనికిరాదు. ఇంజను పక్కన ముప్పై నాలుగేళ్ళు కూర్చున్న చెవులు. ఉత్తరమే రాయి. మొదట ఆగేది ఏరు సముద్రంలో కలిసే ఊరు. అక్కడి పోస్టాఫీసుకు నా పేరున పంపు, వెళ్ళి అడిగి తీసుకుంటాను.

తమ్ముడు


జనవరి 14

మాటల పిసినారికి,

రెండు పేజీలు రాశావు! అమ్మాయి చూసి, "మామయ్యకి ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అని కంగారుపడింది. నాకూ అదే అనుమానం వచ్చిందిలే.

ఎక్కుతానురా. ఎందుకెక్కను? కిటికీ సీటు నాదంటే నాదే. దారిలో ఎవరైనా కాళ్ళనొప్పులావిడ చెయ్యెత్తితే దాన్ని ఆవిడకిచ్చేసేవు, నీ సంగతి నాకు తెలియదా. మీ బావ ఉండి ఉంటే ఆ సీటు కోసం నాతో తగువు పడేవారు. ఆయన పోయి ఏడాది దాటినా కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా లేవమంటారేమో అనిపిస్తుంది.

తొందరేం లేదు. ఆగి ఆగి రా. ప్రతి ఊళ్ళో గాలం వెయ్యి. ఇక్కడ నీకోసం ఎవరూ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చోలేదు. నీకు ఎర గుచ్చడం నేర్పింది నేను, నాకు చెడ్డపేరు తేకు. పొద్దు వాలకముందే బండి పక్కన పెట్టు. కళ్ళు బరువెక్కితే ఎక్కడున్నా ఆపు. వెనకవాడు హారను కొడితే కొట్టనీ, నీకెలాగూ వినపడదు.

నాకు ఈమధ్య తిండి సహించడం లేదు. అమ్మాయి డాక్టరు దగ్గరికి లాక్కెళతానని ప్రాణం తీస్తోంది. వయసు, ఇంకేముంది.

నీ అక్క, కిటికీ సీటు


జనవరి 24

అక్కకు,

నీ ఉత్తరం ఏటి ఒడ్డు పోస్టాఫీసులో దొరికింది. ఎక్కుతానన్న మాట రెండుసార్లు చదివాను.

నువ్వన్నట్టే అయింది. మొన్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. కాలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది. ఆవిడ బుట్టతో ఎక్కి నీ సీట్లో కూర్చుంది. "కండక్టరేడయ్యా?" అంది. లేడన్నాను. "మంచం ఎందుకయ్యా బస్సులో?" అంది. వాళ్ళ వీధి దగ్గర దింపాను. దిగేటప్పుడు, బస్సులు ఈమధ్య బాగు చేశారు, మంచి పని, అంది.

ఏటి దగ్గర నాలుగు రోజులున్నాను. వంతెన కింద నీళ్ళు నిదానంగా ఉన్నాయి. రోజూ రెండు మూడు పడ్డాయి. ఒకటి మాత్రం పెద్దది, తాడు తెంపుకుని పోయింది. తాడుకి కట్టిన బెండు ఇంకా దాని వెనకాలే తిరుగుతోందేమో.

ఇలా వస్తే ఇంకో పన్నెండు రోజుల్లో నీ దగ్గరుంటాను. బట్టలు సర్దుకో. స్వెట్టరు మరిచిపోకు, కిటికీ అద్దం పూర్తిగా మూసుకోదు. ఇక ఆగేది లైట్‌హౌస్ ఊరు. దాని తర్వాత పడవలు కట్టే ఊరు.

తమ్ముడు


జనవరి 30

తమ్ముడికి,

పన్నెండు రోజులేంట్రా, ఎవరు తరుముతున్నారు నిన్ను? తొందరేం లేదని రాశాను కదా. ఇంట్లో రంగులు వేయిస్తున్నాం. సామానంతా వీధిలో ఉంది. నువ్వొస్తే కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. ఇంకో నెల ఆగి వచ్చినా ఫరవాలేదు. లైట్‌హౌస్ దగ్గర చేపలు బాగా పడతాయని విన్నాను. ఓ వారం ఉండు.

వర్షం పడితే బండి తీయకు. మలుపుల్లో నిదానం. రోజుకి మూడు గంటలకి మించి నడపకు. ఒట్టు వేయించుకుందామంటే ఎదురుగా లేవు.

స్వెట్టరు తీసి పెట్టాను.

అక్క


ఫిబ్రవరి 6

అక్కకు,

లైట్‌హౌస్ ఊళ్ళో నీ ఉత్తరం అందింది. అక్కడ ఉండబుద్ధి కాలేదు. ముందుకు వచ్చి ఒక ఉప్పుటేరు దగ్గర ఆగాను. ఇక్కడ పోస్టాఫీసు లేదు. ఉప్పు లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నీ ఇంటికి రెండే గదులు. రంగులకి నెల పట్టదు.

నాకు మాటలు రావు కాని చదవడం వచ్చు. నీ రెండు ఉత్తరాల్లో సగం నేను బండి ఎలా నడపాలన్నదే ఉంది. నీకు నా బండి ఎక్కాలంటే భయం. ఎక్కుతానని నా మనసు నొప్పించలేక అన్నావు. ఇరవై రెండేళ్ళలో మా ఇంటికి ఎప్పుడొచ్చినా రైల్లోనే వచ్చావు. స్టేషనుకి రమ్మని ఒక్కసారి చెప్పలేదు. నువ్వు గుమ్మంలోకి వచ్చాకే తెలిసేది.

నీ తప్పు లేదు. ఆ రోజు జీపు నడిపింది నేను. కునుకు పట్టింది నాకు. కల్వర్టుకి గుద్దింది నేను. పక్కన కూర్చున్న మీ మరదలు పోయింది. నా చెయ్యి మాత్రం విరిగింది, అది అతుక్కుంది. ఇలాంటివాడి వెనక సీట్లో కూర్చోమనడం నాదే తెలివితక్కువ.

ఇక్కడే ఉంటాను కొన్నాళ్ళు. తర్వాత వెనక్కి తిప్పుకుంటానేమో. నువ్వు ఇబ్బంది పడకు.

తమ్ముడు


ఫిబ్రవరి 8
(పడవలు కట్టే ఊరి పోస్టాఫీసుకు)

నా తమ్ముడికి,

ఇది నీకు పడవల ఊళ్ళో అందుతుంది. కూర్చుని చదువు. డ్రైవరు సీట్లో కాదు, నా సీట్లో కూర్చో.

రంగులు అబద్ధం. ఈ పది రోజులూ పరీక్షలు చేశారు. కడుపులో గడ్డ ఉంది. కోసి లాభం లేదన్నారు. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. చిన్నవాడు పాపం, నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది. బండిలో తిరగవచ్చా అంటే, ఈ నెల పదిహేను దాకా ఫరవాలేదు, ఆ తర్వాత చెప్పలేనన్నాడు.

ఇది ముందే ఎందుకు రాయలేదో నీకు తెలియాలి. ఆ రోజు టెలిగ్రాం ఇచ్చింది నేను. అమ్మకి బాగాలేదు, వెంటనే బయలుదేరు అని. నువ్వు ఆ మాట పట్టుకునే ఆగకుండా వచ్చావు. ఆగకుండా వచ్చినందుకే కునుకు పట్టింది. అమ్మ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. కోడలిని తలుచుకున్నప్పుడల్లా నన్నే చూసేది. ఏమీ అనేది కాదు. నువ్వూ ఏమీ అనలేదు. తొందరగా రమ్మని ఈ జన్మలో నీకు మళ్ళీ రాయకూడదని ఆసుపత్రి వరండాలో అనుకున్నాను. అందుకే ఆగి ఆగి రమ్మన్నాను. నా టైము చూసుకోలేదు, నీ ప్రాణం చూసుకున్నాను.

కాని ఒరేయ్, నాకు రోడ్డు చివర చూడాలనుంది. నీ బస్సు ఎక్కాలనుంది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ రాస్తున్నాను. త్వరగా రా. పగలే నడుపు, నిద్రొస్తే ఆపు. కాని రా.

నీ అక్క


ఫిబ్రవరి 19

అక్కకు,

పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం మీద పదకొండో తేదీ ముద్ర ఉంది. ఎనిమిది రోజులు ఇక్కడ గూట్లో ఉంది. నేను ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. అలిగి కూర్చున్నాను. చేపలు పట్టి మళ్ళీ నీళ్ళలో వదిలాను. రోజూ అదే పని.

ఇప్పుడే బయలుదేరుతున్నాను. ఎదురుగా చెప్పలేని మాట ఒకటుంది. ఇక్కడే రాసి డబ్బాలో వేస్తాను, లేకపోతే మళ్ళీ ధైర్యం చాలదు.

నీ టెలిగ్రాం వల్ల కాదక్కా. మేము ఆగకుండా రాలేదు. కాలువ వంతెన దగ్గర ఆగాం. మీ మరదలు కాసేపు నీళ్ళు చూద్దామంది. నేను గాలం తీశాను. రెండు గంటలున్నాం. తర్వాత ఆ రెండు గంటలూ పూడ్చుకోవాలని గట్టిగా తోలాను. ఎండలో కూర్చున్న మత్తు. మసక వేళకి కునుకు పట్టింది.

అమ్మ చావుబతుకుల్లో ఉంటే గాలం వేసుకుని కూర్చున్నానని ఎలా చెప్పను? ఆసుపత్రిలో నువ్వు, నా టెలిగ్రామే చంపింది అని ఏడ్చావు. కాదని చెప్పబోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు ఇవాళ.

తమ్ముడు


ఫిబ్రవరి 22

మంచానికి మూడడుగుల దూరంలో కుర్చీలో ఉన్నవాడికి,

నా గొంతు పైకి రాదు, నీ చెవులు లోపలికి తీసుకోవు. కాబట్టి ఇలాగే. పలక ఇస్తానంది అమ్మాయి. బడికెళ్తున్నామా ఏంటి, కాగితాలే తెమ్మన్నాను.

నిన్న సాయంత్రం నువ్వు లోపలికి వస్తుంటే చూశాను. ఎంత ముసలాడివైపోయావురా. నన్ను చూసి నువ్వూ అదే అనుకున్నావని మొహంలో తెలిసింది. బస్సు కిటికీలోంచి కనపడుతోంది. ముక్కు వరకే. నీ ముక్కులాగే వెడల్పు.

పదిహేనో తేదీ దాకా గోడ పట్టుకుని రోజూ వీధి దాకా నడిచాను. అలవాటు తప్పితే నీ బస్సు మెట్లు ఎక్కలేనని. నీ అలక ఉత్తరం పదకొండున వచ్చింది. ఉప్పుటేరు అన్నావు. సముద్రం పొడుగునా ఎన్ని ఉప్పుటేర్లున్నాయి? అమ్మాయి వెతుకుతానంటే నేనే ఆపాను. పడవల ఊరికి వెళ్తాడు, ఉత్తరం చూస్తాడు అని. ఇప్పుడు లేపి కూర్చోబెడితేనే కళ్ళు తిరుగుతున్నాయి. మంచం దిగొద్దన్నారు. బాధపడకు. పడ్డా నాకు కనపడేలా పడకు.

అది సరే. వచ్చిన దగ్గర్నుంచీ గుమ్మం వైపే చూస్తున్నావు. పదకొండు కొట్టగానే లేచి వీధిలోకి వెళ్ళావు. ఎవరొస్తారు?

అక్క


ఫిబ్రవరి 22, మధ్యాహ్నం

అక్కకు,

పోస్ట్‌మాన్ కోసం. పడవల ఊళ్ళో నీకు ఉత్తరం వేశాను. దాన్ని దాటి వచ్చేశాను.

తమ్ముడు


అదే రోజు

ఓరి నీ దుంపతెగ. రాసినవాడివి ఇక్కడే ఉన్నావు, ఉత్తరం కోసం కాపలా కాస్తున్నావా? అందులో ఏముందో చెప్పు.

అక్క


అదే రోజు

చెప్పలేను. మళ్ళీ రాయలేను. ఒక్కసారే చేతనైంది.

తమ్ముడు


అదే రోజు

అయితే ఇద్దరం ఎదురుచూద్దాం. నాకూ వేరే పనేం లేదు.

అక్క


ఫిబ్రవరి 25

తమ్ముడికి,

ఉత్తరం వచ్చింది. అమ్మాయి చదివింది. నువ్వు నా మొహమే చూస్తున్నావని గోడవైపు తిరిగి విన్నాను.

ఇరవై రెండేళ్ళు. ఆ టెలిగ్రాంలో మాటలు నాకు నిద్రలో వినపడేవి. మీ బావ లేపి మంచినీళ్ళిచ్చేవారు. రైల్లో ఎందుకు వచ్చేదాన్నో తెలుసా? నీ బండికి భయపడి కాదు. స్టేషనుకి రమ్మంటే ఎక్కడ తొందరపడి వస్తావోనని, చెప్పాపెట్టకుండా వచ్చేదాన్ని. సామాను మోసుకుంటూ.

ఒక్క ముక్క. పోస్టు కార్డులో సగం. అది రాసి ఉంటే, జబ్బు సంగతి తెలిసిన రోజే త్వరగా రమ్మని రాసేదాన్ని. ఈపాటికి రోడ్డు చివర చూసి వచ్చేవాళ్ళం. నీకు ఎదురుచెప్పే ఓపిక నాకుండేది, ఇద్దరం కొట్టుకుంటూ తిరిగేవాళ్ళం. అది తీసేశావు నువ్వు.

ఈ పూట నాకు కనపడకు. వెళ్ళి నీ బస్సులో కూర్చో.


ఫిబ్రవరి 26

తమ్ముడికి,

నిన్నంతా నీతో మాట్లాడలేదు. నీకు తేడా తెలిసి ఉండదులే, ఎలాగూ వినపడదు.

కోపం పోలేదు. అంత త్వరగా పోయేది కాదు, నేనే ముందు పోయేట్టున్నాను. కాని పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన. మరదలి ఆఖరి రోజు అంటే నాకు ఇన్నేళ్ళూ ఆ కల్వర్టే. దానికి ముందు రెండు గంటలున్నాయని నాకు తెలియదు. నవ్విందా? ఏం మాట్లాడింది? ఏ చీర కట్టుకుంది? మొదట్నుంచి రాయి. నాకది కావాలి. పిసినారితనం చేయకు. రాసినంతవరకూ ఇస్తూ ఉండు, నేను చదువుకుంటూ ఉంటాను. మధ్యలో నిద్రపోతే లేపు.

అక్క


ఫిబ్రవరి 26, సాయంత్రం

అక్కకు,

ఆకుపచ్చ చీర. అంచు పసుపు. నువ్వు పెట్టిందే.

టెలిగ్రాం పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. పక్కింటాయన జీపు అడిగి తెచ్చాను. తను సంచిలో రెండు చీరలు, అమ్మకి మెత్తటి దుప్పటి పెట్టింది. పొయ్యి మీద పాలు మరిచిపోయి మళ్ళీ లోపలికి వెళ్ళి ఆర్పి వచ్చింది. దారంతా, అత్తయ్యకి ఏం కాదు, చూడండి, మనం వెళ్ళేసరికి లేచి కూర్చుంటుంది అంటూనే ఉంది. నేను ఊఁ అన్నాను.

వంతెన దగ్గరికి ఒంటిగంటకి వచ్చాం. కాలువ సముద్రంలో కలిసే చోటు. నీళ్ళు మిలమిలలాడుతున్నాయి. గాలం ఎప్పుడూ నా సంచిలోనే ఉండేది. పావుగంటకే ఒకటి పడింది. వేలెడు చేప. తను అరచేతిలో పెట్టుకుని, అయ్యో పిల్లదండీ, వదిలేద్దాం అంది. అంటుండగానే అది ఎగిరి చెంప మీద కొట్టింది. నవ్వింది. అది చూసి నేను నవ్వబోయి బురదలో జారాను, మోకాళ్ళ దాకా దిగబడ్డాను. అప్పుడు ఇంకా నవ్వింది. రాయి మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అత్తయ్య దగ్గరికి వెళ్తూ ఇలా నవ్వకూడదు అంటూ నవ్వింది. పెళ్ళయిన అన్నేళ్ళలో అంతలా నవ్వడం నేను చూడలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మీరు కూడా పడిపోతారన్నమాట, అంది.

మిగతాది పొద్దున రాస్తాను. చెయ్యి నొప్పి పుట్టింది.

తమ్ముడు


మార్చి 1

అక్కకు,

చేప చెంప మీద కొట్టిందన్నచోట నువ్వు నవ్వావు. నాకు వినపడలేదు. దుప్పటి కదిలింది. కాగితం గుండెల మీద పెట్టుకుని, మిగతాది రాయి అని వేలితో చూపించావు. పొద్దున నేను కాగితాలు తెచ్చుకుని కూర్చునేసరికి అమ్మాయి నీ చెయ్యి పట్టుకుని ఉంది. నన్ను చూసి ఏదో అంది. ఏమందో వినపడకపోయినా తెలిసింది.

నిన్ను పంపించి రెండు రోజులైంది. మామయ్యా, అమ్మని బస్సులో తీసుకెళ్దామా, అని ఆ రోజు అమ్మాయి కాగితం మీద రాసి అడిగింది. వద్దన్నాను. ఎక్కుతానని నువ్వన్నది ఇలా ఎక్కడం కాదు.

అమ్మాయి నన్ను ఇంట్లో పడుకోమంటోంది. బస్సులోనే ఉంటున్నాను. నీ సీట్లో కూర్చుని రాస్తున్నాను. మొదట్నుంచి అన్నావు. చివరి దాకా రాయాలి.

పడవల ఊళ్ళో వేసిన ఆ ఉత్తరంలో నేను ఒకటి తప్పు రాశాను. కావాలనే రాశాను. నీళ్ళు చూద్దామన్నది మీ మరదలు కాదు. వంతెన మీద జీపు ఆపింది నేను. ఎందుకండీ ఆపారు, అంది తను. ఐదు నిమిషాలు అన్నాను.

నవ్విన తర్వాత తను లేచి చీర దులుపుకుంది. పదండి, ఆలస్యమవుతోంది, అంది. సరేనన్నాను, లేవలేదు. కాసేపాగి జీపులో కూర్చుని పిలిచింది. మళ్ళీ దిగి వచ్చి నా పక్కన నిలబడింది. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. వదిన వీధిలోకి వచ్చి చూస్తూ ఉంటారండీ, అంది. కోపంగా అనలేదు. మెల్లిగా అంది.

ఇంకొక్కసారి వేస్తాను, అన్నాను.

సరే వెయ్యండి, అని నా భుజం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. వేశాను. చాలాసేపు చూశాం. ఏమీ పడలేదు.

తమ్ముడు